పీల్చిన గాలి ఎక్కడికి పోతుంది?

(ఒక సైన్స్ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

అసలు విషయంలోకి వెళ్ళే ముందు ఈ బల్ల మీదున్న రెండు ఫ్లాస్కుల సంగతి చెప్పేస్తాను. ఇందాకటి నుంచీ ముందు వరసలో పిల్లలు వాటినే చూస్తున్నారు. తాగడానికి తెచ్చుకున్నవి కావు. ఒకదాంట్లో నానబెట్టి మొలక పొడిచిన గింజలున్నాయి. రెండోదాంట్లోనూ అవే గింజలు, కాకపోతే ఈ ఉదయం ఉడకబెట్టి చల్లార్చినవి. రెండింటి మూతల్లోంచీ చెరో థర్మామీటరు దింపాను. బడిలో సైన్సు చదివినవాళ్ళు ఈ ప్రయోగం బొమ్మ చూసే ఉంటారు. బొమ్మ చూసినవాళ్ళలో చేసి చూసినవాళ్ళు ఎంతమందని మాత్రం నేను అడగను. (నవ్వులు)

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తల్లో ఇదే ప్రయోగం చేసి క్లాసులో పరువు పోగొట్టుకున్నాను. ప్రాణమున్న గింజలు శ్వాసిస్తాయి కాబట్టి వేడెక్కుతాయి, చచ్చిన గింజలు శ్వాసించవు కాబట్టి వేడెక్కవు అని ముందే బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను. శుక్రవారం సాయంత్రానికి అంతా రాసినట్టే జరిగింది. ఆ సంబరంలో ఫ్లాస్కులు అలాగే వదిలేసి ఇంటికెళ్ళిపోయాను. సోమవారం వచ్చి చూస్తే ఉడకబెట్టిన గింజల ఫ్లాస్కు కూడా వేడెక్కి కూర్చుంది. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, అవి మళ్ళీ బతికాయా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చివర్లో చెబుతాను. ఈలోగా ఎవరికైనా తడితే మనసులోనే ఉంచుకోండి, పక్కవాళ్ళకు చెప్పేయకండి.

మన భాషలో ఒక చిన్న చిక్కుంది. ముక్కుతో గాలి పీల్చి వదలడాన్నీ శ్వాస అంటాం, కణం లోపల జరిగేదాన్నీ శ్వాసక్రియ అనే అంటాం. అందుకే శ్వాస అనగానే అందరి చెయ్యీ ఛాతీ మీదికి పోతుంది. ఊపిరితిత్తులు చేసేది నిజానికి రవాణా పని. గాలిని గుమ్మం దాకా తెచ్చి ఇస్తాయి, లోపల మిగిలిన చెత్తను పట్టుకెళ్ళి బయట పారేస్తాయి. అసలు పని జరిగేది కణంలో. ఊపిరితిత్తులు లేని చెట్టుకీ శ్వాసక్రియ ఉంది, ఒంటికణపు ఈస్టుకీ ఉంది. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయని చాలామంది నమ్ముతారు. అవి పగలూ రాత్రీ ఆపకుండా శ్వాసిస్తూనే ఉంటాయి. పగలు కిరణజన్య సంయోగక్రియ జోరులో ఇది మనకు కనబడదు, అంతే.

శ్వాస నిప్పు లాంటిదన్న అనుమానం చాలా పాతది. గాలి ఆడకపోతే దీపం ఆరిపోతుంది, ఊపిరి ఆగితే ఒళ్ళు చల్లబడిపోతుంది. ఈ పోలికను కొలతల్లోకి దింపినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లేవోయిజర్. 1782–83 చలికాలంలో, గణితవేత్త లాప్లాస్‌తో కలిసి ఒక పాత్ర తయారుచేయించాడు. మధ్యలో ఒక చిన్న గది, దాని చుట్టూ మంచు, ఆ మంచు చుట్టూ ఇంకో పొర మంచు. పైపొర బయటి వేడిని లోపలికి రానివ్వదు. మధ్య గదిలో ఒక గినీపందిని కూర్చోబెట్టారు. దాని ఒంటి వేడికి లోపలి మంచు కరిగి, అడుగున గొట్టంలోంచి బొట్టుబొట్టుగా కారుతుంది. ఆ నీళ్ళు పట్టి తూచారు. ఆ జంతువు ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో కొలిచారు. అంతే కార్బన్ డయాక్సైడ్ రావడానికి బొగ్గు కాలిస్తే ఎంత మంచు కరుగుతుందో లెక్కగట్టి పక్కపక్కన పెట్టారు. అచ్చంగా ఒకటి కాలేదు గానీ దగ్గర దగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా సాగే మంట అని లేవోయిజర్ తేల్చాడు.

ఆ మంట ఎక్కడ మండుతోందన్న దగ్గర పాపం ఆయన పొరబడ్డాడు. ఊపిరితిత్తుల్లో అనుకున్నాడు. 1794లో విప్లవ ప్రభుత్వం ఆయన తల తీయించింది. ఆ తర్వాత ఆ చిరునామా ఊపిరితిత్తుల నుంచి రక్తానికి, రక్తం నుంచి కణానికి మారడానికి మరో ఎనభై ఏళ్ళు పట్టింది. 1870లలో జర్మనీలో ఫ్లూగర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, ఆక్సిజన్‌ని వాడుకునేది కణాలేనని వాదించి నిలబెట్టాడు.

సరే, కణంలోనే మంట అనుకుందాం. కానీ మంట అయితే ఒక ఇబ్బంది ఉంది. మంటలో వచ్చేదంతా వేడి. వేడితో పని చేయించాలంటే ఒక పక్క వేడిగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. ఆవిరి ఇంజను నడిచేది ఆ తేడాతోనే. కణం చూస్తే మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని తడి సంచీ. దాని ఒక మూల వేడిగా, ఇంకో మూల చల్లగా ఎక్కడుంటుంది? కాబట్టి వేడి కణానికి ఇంజనుగా పనికిరాదు. కణం ఈ శక్తిని వేడిగా మారిపోకముందే పట్టుకోవాలి.

ఇక్కడే మెట్ల సంగతి వస్తుంది. 180 గ్రాముల గ్లూకోజ్‌ని నిప్పులో వేసి కాల్చినా, కణాల్లో ఖర్చుపెట్టినా బయటపడే శక్తి ఒక్కటే, దాదాపు 2,870 కిలోజౌళ్ళు. కొండ మీంచి దూకినా, మెట్లు దిగివచ్చినా దిగిన ఎత్తు ఒకటే కదా. దూకితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మెట్లు దిగేవాడు మాత్రం మెట్టు మెట్టుకీ ఆగుతూ ఏదో ఒక పని చేసుకుంటూ దిగొచ్చు. ఇక్కడ దిగేది ఎలక్ట్రాన్లు. గ్లూకోజ్‌లో కార్బన్, హైడ్రోజన్ల మధ్య ఉన్న ఎలక్ట్రాన్లకు ఆక్సిజన్ అంటే విపరీతమైన లాగుడు. నిప్పులో అవి ఒక్క దూకున ఆక్సిజన్ దగ్గరికి పోతాయి. కణం వాటిని చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ దింపుతుంది. శ్వాసక్రియ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్క మాటే. పాఠాల్లో వచ్చే నోరు తిరగని పేర్లన్నీ ఆ మెట్ల పేర్లు.

మొదటి అంతస్తు కణద్రవ్యంలోనే ఉంటుంది. దాన్ని గ్లైకాలసిస్ అంటారు, పది చర్యలు. ఆరు కార్బన్ల గ్లూకోజ్ రెండు ముక్కలై, మూడేసి కార్బన్ల పైరువేట్లు వస్తాయి. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు. ఖర్చులు పోను మిగిలేది రెండు ఎటిపిలు. ఎటిపి అంటే ఏమిటో కాసేపట్లో చెబుతాను, ప్రస్తుతానికి చిల్లర అనుకోండి. గ్లూకోజ్ పెద్ద నోటు. దాన్ని చిల్లర మార్చకుండా కణంలో ఏ పనీ జరగదు.

ఈ అంతస్తు బయటపడిన తీరు నాకు చాలా ఇష్టం. కిణ్వనం, అంటే చక్కెర పులిసి ఆల్కహాల్ కావడం, జరగాలంటే ప్రాణమున్న ఈస్టు కణం ఉండాల్సిందేనని పాశ్చర్ అంతటివాడు చెప్పి ఉన్నాడు. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్టును ఇసుకతో కలిపి నూరి, పిండి, రసం తీశాడు. ఆయనకు కావలసింది కిణ్వనం కాదు, ఆ రసం. పాడవకుండా ఉంటుందని అందులో చిక్కటి చక్కెర పాకం కలిపాడు. కాసేపటికి రసం నురగలు కక్కడం మొదలుపెట్టింది. ఒక్క కణమూ బతికి లేని రసం చక్కెరను తినేస్తోంది! అంటే పని చేస్తున్నవి లోపలున్న రసాయనాలు, మనం ఎంజైములంటున్నవి. జీవరసాయన శాస్త్రం అనే శాస్త్రమే ఆ నురగలోంచి లేచిందంటే పెద్ద అతిశయోక్తి కాదు. 1907లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. నిల్వ ఉండాలని వేసిన చక్కెరే ఆ రసాన్ని నిలవనివ్వలేదు, చూశారా.

కొన్ని కణాలు ఈ మొదటి అంతస్తులోనే కాపురం చేస్తాయి. మన ఎర్ర రక్తకణాలు అలాంటివే. ఒళ్ళంతా తిరిగి ఆక్సిజన్ పంచేవి అవే, శక్తి కోసం అందులో ఒక్క అణువు కూడా సొంతానికి వాడుకోవు. ఆక్సిజన్ వాడి శక్తి తీసే చిన్న అరలు కణంలో ఉంటాయి, మైటోకాండ్రియాలంటారు, వీటిలో అవే లేవు. గట్టిగా పరుగెత్తినప్పుడు కండరం కూడా కొంతసేపు ఇలాగే నెట్టుకొస్తుంది. పైరువేట్‌ని లాక్టేట్‌గా మారుస్తుంది. ఎందుకు మారుస్తుందన్నది చాలామందికి తెలియదు. దానివల్ల కొత్తగా ఎటిపి రాదు. గ్లైకాలసిస్‌లో ఎలక్ట్రాన్లను మోసుకెళ్ళే అణువు ఒకటుంది, ఎన్‌ఏడీ అంటారు. బి విటమిన్లలో ఒకటైన నియాసిన్ నుంచి మన ఒళ్ళు తయారుచేసుకునేది అదే. ఆ మోతగాడి తలమీద బరువు దింపకపోతే తర్వాతి బరువు ఎత్తుకోలేడు, పని ఆగిపోతుంది. దింపడానికి ఆక్సిజన్ దాకా పోయే తీరిక లేనప్పుడు పైరువేట్ నెత్తిన దింపేస్తాడు. అదే లాక్టేట్. ఈస్టు అయితే ఇంకో దారిలో దింపి ఆల్కహాల్ చేస్తుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మర్నాడు ఒళ్ళు నొప్పులు వస్తే లాక్టిక్ ఆమ్లం పేరుకుందని ఇప్పటికీ చెబుతుంటారు. ఆ లాక్టేట్ గంటా రెండు గంటల్లోనే ఖర్చయిపోతుంది. మర్నాటి నొప్పి కండరంలో వచ్చిన సన్నటి చీలికలవల్ల, వాటి చుట్టూ పుట్టే వాపువల్ల.

ఆక్సిజన్ దండిగా ఉంటే పైరువేట్ మైటోకాండ్రియాలోకి వెళుతుంది. అక్కడ ఒక కార్బన్ పోగొట్టుకుని, మిగిలిన రెండు కార్బన్లతో ఒక చక్రంలో ఎక్కుతుంది. క్రెబ్స్ వలయం. ఈ పేరు వినగానే పరీక్షల టెన్షన్ గుర్తొచ్చేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు, భయపడకండి, వలయం గీయను. హాన్స్ క్రెబ్స్ జర్మనీలో డాక్టరు. యూదుడని 1933లో నాజీలు ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంగ్లండ్ చేరాడు. షెఫీల్డ్‌లో పావురాల ఛాతీ కండరాన్ని నూరి, అందులో ఏ ఆమ్లం కలిపితే ఆక్సిజన్ వాడకం పెరుగుతుందో చూస్తూ చూస్తూ 1937లో ఈ వలయాన్ని కనిపెట్టాడు. పావురం ఛాతీయే ఎందుకంటే, గంటల తరబడి ఎగిరే పక్షిలో అంత జోరుగా శ్వాసించే కండరం ఇంకోటి దొరకదు. ఆ ఫలితం 'నేచర్' పత్రికకు పంపితే, ఏడెనిమిది వారాలకు సరిపడా ఉత్తరాలు ఇప్పటికే ఉన్నాయని తిప్పి పంపారు. వేరే పత్రికలో అచ్చయింది. 1953లో నోబెల్ వచ్చింది. ఆ తిరస్కరణ సంగతి క్రెబ్స్ దాచుకోకుండా చెప్పుకున్నాడు.

ఈ చక్రం తిరిగేటప్పుడే కార్బన్లు ఒక్కొక్కటే కార్బన్ డయాక్సైడ్ అయి బయటికి పోతాయి. ఇప్పుడు ఒక ప్రశ్న. చేతులెత్తండి. మనం పీల్చిన ఆక్సిజన్, వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోకి వెళుతుంది అనుకునేవాళ్ళు? ... దాదాపు అందరూ. వెనక ఇద్దరు ఎత్తలేదు. వాళ్ళు బయాలజీ టీచర్లయినా అయి ఉండాలి, నిద్రపోతూనైనా ఉండాలి. (నవ్వులు)

ఆ కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్న ఆక్సిజన్ మనం పీల్చింది కాదు. గ్లూకోజ్‌లోనే ఉన్న ఆక్సిజన్ కొంత, చర్యల మధ్యలో చేరిన నీళ్ళలోని ఆక్సిజన్ కొంత. సమీకరణం ఒక్క వరుసలో రాసేసరికి గ్లూకోజ్, ఆక్సిజన్ ఒక పక్కా, కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు ఇంకో పక్కా వచ్చి, ఏది ఎందులోకి పోయిందో మాసిపోతుంది. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ ఇంకా సీన్‌లోకి రానే లేదు. క్రెబ్స్ చక్రంలో ఎక్కడా దానికి పాత్ర లేదు. అది చిట్టచివరి మెట్టు మీద చేతులు చాచి నిలబడి ఉంది.

ఆ చివరి మెట్ల వరస మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంది. మోతగాళ్ళు తెచ్చిన ఎలక్ట్రాన్లు ఇక్కడ ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి చేతులు మారుతూ కిందికి దిగుతాయి. ఈ చేతులు మారడాన్ని డేవిడ్ కైలిన్ కళ్ళారా చూశాడు. కేంబ్రిడ్జిలో ఆయన పని పరాన్నజీవి ఈగల మీద. వాటి రెక్కల కండరాలను వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిలో చూస్తుంటే నాలుగు నల్లటి గీతలు కనబడ్డాయి. తర్వాత పరీక్షనాళికలో ఈస్టు కలిపిన నీళ్ళు పెట్టి చూశాడు, అవే గీతలు. నాళికను గట్టిగా కుదిపి గాలి కలిపాడు, గీతలు మాయం. కదపకుండా ఒక్క క్షణం ఉంచాడు, మళ్ళీ వచ్చాయి. మళ్ళీ కుదిపాడు, మళ్ళీ పోయాయి. ఈస్టు ఆ నాళికలో ఆక్సిజన్‌ని తాగేస్తున్నకొద్దీ ఆ గీతలకు కారణమైన రంగు పదార్థం ఎలక్ట్రాన్లతో నిండుతోంది, గాలి తగలగానే ఖాళీ అవుతోంది. 1925లో దానికి సైటోక్రోమ్ అని పేరుపెట్టాడు. ఒక బతికున్న కణం శ్వాసించడాన్ని మనిషి కళ్ళతో అంత సూటిగా చూడటం, నాకు తెలిసి, అదే మొదలు.

వరస చివర్లో ఆక్సిజన్ నాలుగు ఎలక్ట్రాన్లను అందుకుని, చుట్టూ ఉన్న ప్రోటాన్లను, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్లను, కలుపుకుని నీళ్ళవుతుంది. పీల్చిన గాలి అలా నీళ్ళ కింద మారిపోతుంది. ఇలా మన ఒంట్లో రోజుకు సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళు పుడతాయి. ఎడారిలో ఉండే కంగారూ ఎలుక చుక్క నీరు తాగకుండా, ఎండు గింజలు తిని, ముఖ్యంగా ఈ నీళ్ళతోనే బతుకు వెళ్ళదీస్తుంది. సైనైడ్ చేసే పని ఈ చివరి మెట్టు దగ్గర అడ్డంపడటం. రక్తం నిండా ఆక్సిజన్ ఉంటుంది, అందుకునే చెయ్యి మాత్రం కట్టేసి ఉంటుంది. కింద దారి మూసుకుపోతే పైన అన్ని మెట్ల మీదా ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. మనిషి గాలి మధ్యలో ఊపిరాడక పోతాడు.

ఇంతకీ శక్తి ఏమైంది? ఎలక్ట్రాన్లు మెట్లు దిగాయి, బాగుంది. ఆ దిగుడుకీ ఎటిపి తయారీకీ లంకె ఏమిటి? దీని మీద దాదాపు ఇరవై ఏళ్ళు గొప్ప గొప్ప ప్రయోగశాలలు తలలు బద్దలుకొట్టుకున్నాయి. మధ్యలో ఏదో ఒక రహస్య రసాయనం ఉండి తీరాలని అందరూ వెతికారు. దొరికిందని కొందరు ప్రకటించారు కూడా, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 1961లో పీటర్ మిచెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త, అలాంటి రసాయనం లేదు, వెతకడం మానేయండి అన్నాడు. ఎలక్ట్రాన్లు దిగే ఊపుతో ఆ ప్రోటీన్లు ప్రోటాన్లను పొరకు ఇవతల నుంచి అవతలికి తోడిపోస్తాయి. అవతల ప్రోటాన్లు కిక్కిరిసిపోతాయి, ఇవతలికి రావాలని తోసుకుంటాయి. ఆనకట్ట వెనక నీళ్ళు నిలిపినట్టు. ఆ వచ్చే దారిలో చక్రం పెడితే పని జరుగుతుంది.

జీవరసాయన శాస్త్రంలో ఇంత మొరటు ఆలోచనా అని చాలామంది కొట్టిపారేశారు. మిచెల్ ఆరోగ్యం చెడి యూనివర్సిటీ వదిలేశాడు. కార్న్‌వాల్‌లో శిథిలమైన ఒక పాత భవనాన్ని బాగుచేయించుకుని, అందులోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని జెనిఫర్ మోయిల్ అనే సహచరితో కలిసి తన పని తాను చేసుకున్నాడు. 1974లో రాకర్, స్టోకీనియస్ అనే ఇద్దరు అమెరికాలో ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. కొవ్వుతో చేసిన బుడగలు తీసుకున్నారు. ఉప్పు మడుగుల్లో బతికే ఒక సూక్ష్మజీవిలో వెలుగు తగిలితే ప్రోటాన్లను తోడే ప్రోటీన్ ఉంది, దాన్ని ఆ బుడగల పొరలో గుచ్చారు. ఆవు గుండె మైటోకాండ్రియాలోంచి ఎటిపి చేసే ఎంజైమును తీసి అదీ గుచ్చారు. ఆవుకీ ఆ సూక్ష్మజీవికీ ఏ సంబంధమూ లేదు. లైటు వేశారు. ఎటిపి తయారైంది. రెండు ప్రోటీన్ల మధ్యా ప్రోటాన్ల తోపు తప్ప ఇంకే లంకే లేదు. ఇంకేం వాదిస్తారు? 1978లో నోబెల్ మిచెల్‌కు ఒక్కడికే ఇచ్చారు.

ఆ తోపు ఎంతటిదో ఒక చిన్న లెక్క వేద్దాం. పొరకు ఇటూ అటూ ఉన్న తేడా 150 మిల్లీవోల్టులు, అటూ ఇటూ. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం 5 నానోమీటర్లు. మీటరుకు లెక్కగడితే 3 కోట్ల వోల్టులు. మెరుపు మెరిసేటప్పుడు మేఘంలో ఉండే స్థాయికి తక్కువేమీ కాదు. ఇప్పుడు ఇక్కడ కూర్చుని ఆవలిస్తున్నవాళ్ళ ఒంట్లో కూడా అదే జరుగుతోంది. (నవ్వులు)

చక్రం అన్నాను కదా, అది మాటవరసకు అన్నది కాదు. నిజంగానే తిరుగుతుంది. రుబ్బురోలు చూసినవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. రోలు కదలదు, మధ్యలో పొత్రం తిరుగుతుంది. ఎటిపి సింథేజ్ అనే ఈ ఎంజైములో కూడా కదలని తల ఒకటుంది, మధ్యలో తిరిగే ఇరుసు ఒకటుంది. ప్రోటాన్లు దూరి వస్తుంటే ఇరుసు తిరుగుతుంది. ఇరుసు వంకరగా ఉండటంతో తలలోని మూడు గదులు వంతులవారీగా తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటాయి. ఒక గదిలోకి ముడిసరుకు దూరుతుంది, ఇంకో గదిలో ఎటిపి అతుకుతుంది, మూడో గది దాన్ని బయటికి వదులుతుంది. ఒక చుట్టుకు మూడు ఎటిపిలు. ఇలా జరుగుతుందని పాల్ బోయర్ ఊహించాడు, జాన్ వాకర్ దాని ఆకారాన్ని చూపించాడు, 1997లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అదే ఏడాది జపాన్‌లో కొందరు ఆ ఇరుసుకు మెరిసే పోగు ఒకటి తగిలించి, తలను గాజుపలకకు అతికించి, మైక్రోస్కోపులో చూశారు. ప్రోటాన్లు లేవు కాబట్టి ఎటిపి పోసి చక్రాన్ని వెనక్కి నడిపారు. పోగు గిర్రుగిర్రున ఒకే దిక్కుగా తిరిగింది. ఆ వీడియో దొరికితే చూడండి. మసకగా ఉంటుంది, ఏమీ అందంగా ఉండదు. ఒక్క అణువు తిరగడం చూస్తున్నామన్నది గుర్తొస్తే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక ఎటిపి. పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, వరసగా మూడు ఫాస్ఫేట్లు తగిలించుకున్న అణువు. దీన్ని 1929లో జర్మనీలో లోమన్ కనుక్కున్నాడు. అదే ఏడాది హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు విడిగా కనుక్కున్నారు. అంతకు ముందే 1925లో వాళ్ళిద్దరూ ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ఒకటి కనిపెట్టారు. నీలం రంగు ఎంత ముదిరితే అంత ఫాస్ఫరస్. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటారు, లాబుల్లో పనిచేసినవాళ్ళు చాలామంది ఆ నీలిరంగు చూసే ఉంటారు. ఆ కొలత చేతిలో లేకపోతే కండరంలో ఈ ఫాస్ఫేట్ల జాడ అంత త్వరగా దొరికేది కాదు.

ఎటిపిలో శక్తి బంధంలో దాగి ఉందనీ, తెంపగానే బయటికి ఎగజిమ్ముతుందనీ చెబుతుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. అది సరికాదు. ఏ బంధాన్నైనా తెంపాలంటే శక్తి ఖర్చవుతుంది. సాగదీసి పట్టుకున్న వింటినారిలో శక్తి ఎక్కడుంది? నారిలోనా, చేతిలోనా? సాగి ఉన్న స్థితిలో ఉంది. కణం ఎటిపిని అలా సాగదీసి పట్టుకుంటుంది. దాని మానాన వదిలేస్తే ఎటిపి అంతా విడిపోయి రెండు ఫాస్ఫేట్లే మిగిలిన ఏడీపీ, ఫాస్ఫేట్‌గా మారాలి. కణం ఎటిపిని ఎప్పుడూ ఎక్కువగా, ఏడీపీని తక్కువగా ఉంచుతూ, ఆ సమతూకం రానివ్వదు. రానిచ్చిన రోజు చావే.

అందుకే చిల్లర నిల్వ ఉండదు. ఒక సమయంలో మన ఒంట్లో ఉండే ఎటిపి గ్రాముల లెక్కే. రోజు మొత్తంలో తయారయ్యేది మాత్రం దాదాపు మన ఒంటి బరువంత. ఒక్కో అణువు రోజుకు వందలసార్లు ఖర్చయి, మళ్ళీ తయారై వస్తుంది. ఒక గ్లూకోజ్‌కి ఎన్ని ఎటిపిలు అని పిల్లలు అడుగుతారు. పాత పుస్తకాల్లో 36, 38 అని ఉండేది. ఇప్పుడు 30 నుంచి 32 అంటున్నారు. అసలు పూర్ణాంకం రావాలనేముంది? ఆనకట్ట అన్నాక ఎంతో కొంత కారుతుంది.

ఆ కారడం గురించి ఒక మాట. లెక్క వేసే పద్ధతిని బట్టి గ్లూకోజ్‌లోని శక్తిలో మూడో వంతు నుంచి సగం దాకా ఎటిపిలోకి చేరుతుంది, మిగతాది వేడి. ఊరికే కూర్చున్న మనిషి 100 వాట్ల దాకా వేడి వదులుతాడు. ఈ హాల్లో 200 మంది ఉన్నారనుకుంటే 20 కిలోవాట్ల హీటరు పెట్టినట్టే, ఏసీ చాలడం లేదంటే దాని తప్పేం లేదు. ఇంకో పోలిక చెబుతాను, నమ్మబుద్ధి కాదు. సూర్యుడు ఇచ్చే శక్తిని ఆయన బరువుతో భాగిస్తే కిలోకి 0.0002 వాట్లు. మనిషికి కిలోకి ఒకటిన్నర వాట్ల దరిదాపు. కిలోకి కిలో తూస్తే మనమే కొన్ని వేల రెట్లు ఎక్కువ. ఇంటికెళ్ళి లెక్క వేసుకోండి.

కొన్నిచోట్ల కణం కావాలనే ఆనకట్టకు గండి కొడుతుంది. పసిపిల్లలకు వణికి వేడి పుట్టించుకోవడం సరిగా చేతకాదు. వాళ్ళ వీపు మీద, మెడ దగ్గర గోధుమరంగు కొవ్వు ఉంటుంది. అందులోని మైటోకాండ్రియాల పొరలో ఒక ప్రోటీన్, ప్రోటాన్లను చక్రం ఎక్కకుండా అడ్డదారిన వదిలేస్తుంది. ఎటిపి రాదు, అంతా వేడే. తామరపువ్వు కూడా వేడి పుట్టిస్తుంది, దాని కిటుకు వేరు. ఎలక్ట్రాన్లను మధ్య మెట్టు మీంచే ఆక్సిజన్ దగ్గరికి దూకించేస్తుంది. అలా విచ్చుకునే రోజుల్లో, బయట 10 డిగ్రీల చలి ఉన్నా తాను మాత్రం 30 డిగ్రీల పైన వెచ్చగా ఉంటుంది. ఇదే గండిని మందుతో కొట్టొచ్చని 1930లలో అమెరికాలో కొందరు డాక్టర్లు డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గడానికి ఇచ్చారు. బరువు తగ్గింది నిజమే. కొందరి ఒళ్ళు లోపల్నుంచి కాగిపోయింది, చల్లార్చే దారి లేక చనిపోయారు, కొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి. 1938లో ఆపేశారు. ఇప్పటికీ దొంగచాటుగా అమ్మేవాళ్ళున్నారు, జోలికి పోకండి.

బరువు మాట వచ్చింది కాబట్టి, ఇందాక చీటీ మీద వచ్చిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పేస్తాను. "తగ్గిన కొవ్వు ఎటు పోతుంది?" చెమటగా పోతుందని, వేడిగా మారిపోతుందని అంటారు. పదార్థం ఎటో పోవాలి కదా. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి పోతుంది, 1.6 కిలోలు నీళ్ళవుతుంది. ఒక్కో శ్వాసకీ కొంచెం కొంచెంగా గాలిలో కలిసిపోతుంది. అలాగని గబగబా ఊపిరి వదిలితే తగ్గుతారనుకోకండి, తల తిరుగుతుంది, అంతే. లోపల మెట్లు దిగే పని ఉంటేనే ఆ గాలికి అర్థం.

ఇక ఫ్లాస్కులు. బాబూ, నువ్వు రా, నువ్వే చదువు. మొలకలది ఎంత? ... 33. ఉడకబెట్టినది? ... 28. హాలు ఎంతుంది, ఆ గోడ మీదది చూడు. ... 28. మంచిది. బోర్డు మీద రాసినట్టే జరిగింది. ఆ 5 డిగ్రీలు ఎక్కడివో ఇప్పుడు మీకు తెలుసు, చక్రం ఎక్కకుండా కారిపోయిన సొమ్ము.

మరి ఆనాటి సోమవారం? క్లాసు అయిపోయాక ఫ్లాస్కు కడగడానికి మూత తీశాను. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. గింజలు చచ్చే ఉన్నాయి, వాటి మీద తెల్లగా బూజు, జిగురుగా బాక్టీరియా. రెండు రోజుల్లో అవి ఆ గింజల్ని తిని, తమ మెట్లు తాము దిగుతూ ఫ్లాస్కును వేడెక్కించేశాయి. క్రిమిసంహారక మందుతో గింజలు కడగాలని పుస్తకంలో ఒక చిన్న వాక్యం ఉంది, నేను చదవకుండా దాటేశాను. మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి, అవి బతకలేదురా, వాటి మీద వేరేవి బతికాయి అని చెప్పాను.

ఇవాళ కూడా మందు వేయలేదు. ఈ రెండు ఫ్లాస్కులూ ఇక్కడే ఉంచి వెళతాను. సోమవారం ఎవరైనా వచ్చి థర్మామీటరు చదవండి. మూత తీసేటప్పుడు కిటికీలు తెరవడం మర్చిపోకండి.